విన్నారు కదండీ

నవంబర్ 6, 2006. సోమవారం

పేపరు డెస్క్ నుంచి కవరు వచ్చింది. లోపల పందిరిలంక సత్యానందం రాసిన ఉత్తరం. దానికి గుచ్చిన చీటీ మీద డెస్క్ చూసే శ్రీరామచంద్ర ఎర్ర పెన్నుతో రాసిన నాలుగు మాటలు: ‘సార్, మీ వివరణ కావాలి.’

వేసవిలో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించింది. పందిరిలంక దగ్గర ఒక గట్టు ముక్క మిగిలిపోయింది. అక్టోబర్ 14న నా వార్త: ఆ గట్టును ఊరివాళ్లు మళ్లీ పొడిగించి కట్టారు. ఆధారం, ఆ ఊరి మత్స్యకారుడు సత్యానందం ఫోన్లో చెప్పిన మాట. ‘గట్టు మేమే కట్టామండీ. ఊరుకుంటే మా ఇళ్లు మునిగిపోవా?’ నోట్‌బుక్కులో మాట ఉంది, తేదీ ఉంది, టైము ఉంది.

ఇప్పుడు ఆయన అంటున్నది, తాను ‘కొట్టాం’ అన్నానని, నేను ‘కట్టాం’ అని రాశానని. నీళ్లు ఊరి మీదికి ఎక్కుతుంటే గట్టుకు గండి కొట్టారట. నా వార్త చూసి అధికారులు ఆయనకు నోటీసు ఇచ్చారు. ఈ నెల 27న విచారణ. కేసు కడితే ఆయన చేపల లైసెన్సు పోతుంది.

నోటీసు వచ్చాక మాట మార్చేవాళ్లను ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. ఈ ఇరవై ఆరేళ్లలో నా వార్తకు ఒక్క సవరణ పడలేదు.

వివరణ రాయను. గట్టు దగ్గరికి వెళ్లి చూస్తాను, ఫొటో పంపిస్తాను. అక్టోబర్‌లో వానల వల్ల దారి లేక ఫోన్లో అడిగాను. దారి ఇప్పటికీ బురదే. ఆటోవాళ్లు రారు. పడవలున్నాయి కానీ అవి ఆ ఊరివాళ్లవి. తగువులో ఉన్నవాళ్ల పడవ ఎక్కి వాళ్ల గట్టు చూడకూడదు.

జీపు కావాలి. ఎలాగూ చాలాకాలంగా కొనాలనుకుంటున్నదే.

నవంబర్ 8

గుండుగొలను బాపిరాజు గారి దగ్గర జీపు ఉంది. 1988 మోడల్, డీజిల్, ఫోర్ వీల్. చెరువుల మీద మేత మోయడానికి వాడారు. చెరువులు పోయాయి, జీపు మిగిలింది.

వస్తువు కొనేటప్పుడు అమ్మేవాడి మాట వినకూడదు, వస్తువును చూడాలి. రెండు గంటలు చూశాను. ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటే. గోనెసంచి పరుచుకుని కిందికి దూరి ఛాసిస్ పొడవునా చిన్న సుత్తితో తట్టాను. తుప్పు పైపైనే ఉంది, ఎక్కడా మెత్తగా తగల్లేదు. వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ విరిగింది. స్టీరింగ్ రెండు వేళ్ల వెడల్పు ఖాళీగా తిరుగుతోంది. బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజన్ చల్లగా ఉందని చూసుకుని, అప్పుడు స్టార్ట్ చేయమన్నాను. మొదటి తిప్పుకే అందుకుంది. పొగ ముందు తెలుపు, తర్వాత లేదు. ఫోర్ వీల్ లివర్ బిగుసుకుని ఉంది, రెండు చేతులతో లాగితే పడింది. ఇంటి వెనక బురద గుంటలోకి దించి ఎక్కించాను. ముందు చక్రాలు లాగుతున్నాయి.

ఇంజన్ నడుస్తుండగా బాపిరాజు గారు పక్కన నిలబడి ‘విన్నారు కదండీ?’ అన్నారు. విన్నానన్నాను. కాసేపటికి మళ్లీ, ‘విన్నారు కదండీ?’ ఆ ధీమా చూస్తే ముచ్చటేసింది. ఇంజన్ మీద నమ్మకం ఉన్నవాడే అలా అడుగుతాడు.

బేరం పది నిమిషాల్లో తెగింది. ఆయన బేరమాడకుండా తగ్గించారు.

నవంబర్ 9

జీపు వట్లూరులో ఇంటికి తెచ్చాను. మా ఆవిడ రాజ్యలక్ష్మి వీధి గుమ్మంలోకి వచ్చి రెండు చెవులూ మూసుకుంది. బడిలో పిల్లల మీద అరిచి అరిచి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడటం అలవాటైంది ఈవిడకి. ఏడాదిగా గమనిస్తున్నాను. కొత్త వస్తువు ఇంటికొస్తే నాలుగు రోజులు ఇలాగే ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

నవంబర్ 11. శనివారం

తాడేపల్లిగూడెం. రైసు మిల్లు గోడ పక్కన మదార్ గారి షెడ్డు. అరవై దాటాయి, నలభై ఏళ్లుగా జీపులే పని. ఆయన పద్ధతి నాకు నచ్చుతుంది. మొదటి అరగంట పానా ముట్టుకోరు. బండి చుట్టూ తిరుగుతారు, ముక్కాలిపీట వేసుకుని ఒక్కో చక్రం దగ్గర కూర్చుంటారు. మంచి విలేకరి కావలసినవాడు.

వెనక ఇరుసు హౌసింగ్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన టీ లాగా కారింది. నీళ్లు దిగాయట. చెరువు బండి కదండీ, సగం కాలం చక్రాలు నీళ్లలోనే అన్నారు. బ్రేకు డ్రమ్ములు ఊడదీస్తే ఎండిన ఒండ్రు రాలింది. నేను చూడని సంగతులు అవి రెండే. మిగతా అంతా నా లెక్కకు సరిపోయింది.

చివర్న ఇంజన్ స్టార్ట్ చేశారు. వెంటనే ఆపేశారు. నా ముఖంలోకి చూసి, ఇలా ఎన్నాళ్ల నుంచి ఉందండీ అని అడిగారు. కొన్నప్పటి నుంచీ ఇలాగే ఉందని చెప్పాను, ఏం ఇబ్బంది లేదని. నూనెలు మార్చి, బ్రేకులు కట్టి, కమాన్ పట్టీ వేసి, నాలుగు రోజుల్లో ఫోన్ చేస్తానన్నారు.

నవంబర్ 13

టీవీ సౌండు పెరగడం లేదు. రిమోట్ బ్యాటరీలు మార్చాను.

నవంబర్ 15

మదార్ గారి ఫోను. ‘రాడ్ కడుతున్నానండీ.’ అంటే ఇంజన్లో రాడ్ బిగిస్తున్నారు, పని చివరికొచ్చింది. శుక్రవారం వచ్చి తీసుకెళ్తానన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయారు. సిగ్నల్ సరిగా లేదు, పెట్టేశాను.

శనివారం పందిరిలంక. ఆదివారం కల్లా ఫొటో డెస్క్‌లో ఉంటుంది.

నవంబర్ 16

సత్యానందం ఆఫీసుకు వచ్చాడు. మనిషిని చూడటం ఇదే మొదలు. యాభై ఉంటాయి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. ప్లాస్టిక్ సంచిలోంచి నోటీసు తీసి బల్ల మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపు చేశాడు.

తండ్రి పేరు మీద ఉన్న లైసెన్సట, ఆ తర్వాత తన పేరుకు మార్చారట. పోతే మళ్లీ కొత్తవి ఇవ్వడం లేదట. ఊళ్లో పడవ ఉంటుంది, వల ఉంటుంది, నీళ్లలో దిగే హక్కు మాత్రం ఉండదు అన్నాడు. అరవలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాడు కాబట్టి ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

‘నేను కొట్టామనే అన్నానండీ. కట్టామని ఎందుకంటానండీ? కొట్టమని సర్కారే చెప్పిన గట్టు కదండీ అది.’

నోట్‌బుక్కు తీసి అక్టోబర్ 13 పేజీ చూపించాను. దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మూసి నా వైపు జరిపాడు.

‘మీ అక్షరం బాగుందండీ’ అన్నాడు.

వెళ్లిపోయాడు. నోటీసు జెరాక్స్ ఒకటి బల్ల మీదే వదిలేశాడు. మరిచిపోయాడనుకుంటాను.

నవంబర్ 17. శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండున్నరకు షెడ్డుకు వెళ్లాను. బ్రేకులు, నూనెలు, కమాన్ పట్టీ అయ్యాయి. ఇంజన్ మీద చెయ్యి పడలేదు. రాడ్ కడుతున్నానన్నారు కదా అని అడిగాను.

‘కడుతున్నానని ఎక్కడన్నానండీ? రాడ్ కొడుతున్నాదండీ అన్నాను.’

కొట్టడమేమిటన్నాను. పిస్టన్ రాడ్డు బేరింగు అరిగి ఇంజన్ లోపల కొట్టుకుంటోందట. ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేసి పట్టుకున్నారు. ‘అదిగోనండీ’ అన్నారు. నాకు ఇంజన్ మోత తప్ప ఏమీ వినబడలేదు. మిల్లు గేటు దగ్గర బస్తాల మీద కూర్చున్న హమాలీ ఒకాయన, ముప్ఫై అడుగుల దూరం నుంచి, లోపల ఎవరో రోకలి పోటు వేస్తున్నారేంటండీ మదార్ గారూ అని నవ్వాడు.

మదార్ గారు మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ తెచ్చారు. మొన ఇంజన్ పక్క భాగానికి ఆనించి, పిడి తన చెవి వెనక ఎముకకు ఆనించుకుని చూశారు. తర్వాత నాకిచ్చారు. నేనూ అలాగే పెట్టుకున్నాను.

ధన్. ధన్. ధన్. తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు.

తీసేశాను. లేదు. పెట్టాను. ఉంది. తీశాను. లేదు.

మిల్లు రొదలో వినబడలేదని రాయబోయి ఆగాను. మిల్లు ఆగి ఉంది. పొద్దుట్నుంచీ కరెంటు లేదు.

మదార్ గారు ఇంజన్ ఆపి, స్క్రూడ్రైవర్ గుడ్డతో తుడుస్తూ అన్నారు: ‘విలేకరి గారూ, స్క్రూడ్రైవర్ పెడితే వినబడింది, తీస్తే పోయింది. ఇంజన్ అదేనండీ.’

బస్సులో వచ్చేశాను.

నవంబర్ 18

కొట్టాం. కట్టాం.

కడుతున్నాను. కొడుతున్నాది.

నవంబర్ 19. ఆదివారం

ఛాసిస్ పొడవునా సుత్తితో తట్టినవాణ్ణి, ఇది తేల్చుకోకుండా ఉండటం తప్పు. ఉదయం రాజ్యలక్ష్మిని వంటింట్లో నిలబడమని, నేను హాల్లో గోడ వైపు తిరిగి కూర్చున్నాను. కట్టారు, కొట్టారు, ఈ రెంటిలో ఏదో ఒకటి ఇరవైసార్లు మామూలు గొంతుతో చెప్పమన్నాను. చెప్పేముందు తను కాగితం మీద రాసుకోవాలి, నేను విన్నది రాసుకోవాలి.

‘పొద్దున్నే ఇదేం ఆటండీ’ అంది. కానీ చెప్పింది.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. ఇరవైలో తొమ్మిది తప్పు. ఊరికే నాణెం ఎగరేసినా అన్నే వస్తాయి.

ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. ‘ఏడాది నుంచి అరుస్తూనే ఉన్నానండీ మీ దగ్గర. నా గొంతు పోతోంది గానీ మీకు తెలియడం లేదు.’

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

‘చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను. వినబడలేదు మీకు.’

ఇద్దరం నవ్వాం. ఆవిడ ముందు ఆపేసింది.

సాయంత్రం. ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. వినడంలో తప్పు జరిగి ఉండొచ్చు. అంతమాత్రాన వార్త తప్పని కాదు. సత్యానందం కొట్టామని చెప్పి, కట్టి ఉండొచ్చు కూడా. గట్టు చూడందే ఏదీ తేలదు.

నవంబర్ 20

మదార్ గారికి ఫోన్ చేశాను. ఫోన్ చెవికి కాకుండా చెవి వెనక ఎముకకు నొక్కి పట్టాను. ఫర్వాలేదు. చెప్పిన ప్రతిదీ తిరిగి ఆయనకే చదివాను.

ఇంజన్ దించి, క్రాంకు సాన పట్టించి, పూర్తిగా విప్పి కట్టాలంటే పదిహేను రోజులు. 27 దాటిపోతుంది. కింద నూనె సంపు దించి బేరింగులు మాత్రం మార్చితే రెండు రోజులు. అది నూట యాభై కిలోమీటర్ల మరమ్మతు, అంతకు మించి పూచీ లేదు అన్నారు. నూట యాభై చాలన్నాను.

‘అయితే నేను నడుపుతానండీ. అది ఎప్పుడు కొడుతుందో మీకు తెలియదు కదా.’

నవంబర్ 22. బుధవారం

గూడెం నుంచి నలభై దాటకుండా నడిపారు. గుండుగొలను దగ్గర టీకి ఆగాం. బాపిరాజు గారు అక్కడే ఉన్నారు. జీపు చూసి తనే దగ్గరికొచ్చి, ఎలా ఉందండీ అన్నారు. రాడ్ కొడుతోందని ముందే చెప్పి ఉండాల్సింది అన్నాను.

‘రెండుసార్లు అడిగానండీ, విన్నారు కదండీ అని. విన్నానన్నారు. విని కూడా కొంటున్నారంటే పనికి సిద్ధపడ్డారనుకున్నాను. అందుకే బేరమాడకుండా తగ్గించాను.’

నిజమే. రెండుసార్లు అడిగారు. 8వ తేదీ కింద నేనే రాసుకున్నాను.

ఏలూరు దాటి దక్షిణంగా తిరిగాక తారు అయిపోయింది. చివరి మూడు కిలోమీటర్లు మట్టి కట్ట, రెండు పక్కలా నీళ్లు. మదార్ గారు ముందు చక్రాల హబ్బులు బిగించి, లివర్ వేసి, రెండో గేరులో పెట్టారు. రెండుచోట్ల ఇరుసు దాకా దిగింది. ఆయన తల కొంచెం పక్కకు వంచి, రోడ్డు కంటే ఇంజన్నే ఎక్కువ చూస్తున్నట్టు నడిపారు. ఒకచోట ఉన్నట్టుండి ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చారు. ఎందుకని నేను అడగలేదు.

గట్టు చూశాను. టేపుతో కొలిచాను. గండి ఇరవై రెండు అడుగులు. లోతు నడుము దాకా. రెండు అంచుల్లోనూ పార దెబ్బలు కనిపిస్తున్నాయి, అన్నీ పైనుంచి కిందికి. అంచుల మీద గడ్డి జానెడు పెరిగింది. అంటే నెల దాటింది. పరిసరాల్లో ఎక్కడా కొత్త మట్టి లేదు, మట్టి తవ్విన గుంట లేదు. నీళ్లు ఊరి వైపు నుంచి సరస్సులోకి పోతున్నాయి. ఫొటోలు పదకొండు.

కట్టలేదు. కొట్టారు.

సత్యానందం పడవ గెడ వేసుకుంటూ వచ్చాడు. జీపు చూసి దూరంగానే ఆగాడు. నేను నీళ్ల అంచుకు దిగి, తప్పు విన్నాను సత్యానందం గారూ అన్నాను.

ఆయన గెడ బురదలోకి గుచ్చి, పడవ నిలిపాడు.

‘నాకు చెప్తే ఏం లాభమండీ. ఎక్కడ చెప్పారో అక్కడ చెప్పాలి.’

నవంబర్ 23

సవరణ వెయ్యాలని డెస్క్‌కు ఫోన్ చేశాను. శ్రీరామచంద్ర తేలిగ్గా తీసుకున్నాడు. నా దగ్గర ట్రైనీగా చేరినవాడు, ఇప్పటికీ సార్ అంటాడు. అక్షరానికి ఒక గుర్తే కదా తేడా, అచ్చుతప్పు అని రెండు లైన్లు వేసేద్దాం అన్నాడు. మా దగ్గర అన్ని సవరణలూ అచ్చుతప్పులే. ఎవరికీ దెబ్బ తగలదు.

సాయంత్రం దాకా ఆ రెండు లైన్లూ నాకూ బాగానే అనిపించాయి.

తర్వాత పాత వార్త తీసి చదివాను. ‘కట్టారు’ అన్న మాట శీర్షికలో ఉంది. లోపల నాలుగుసార్లు ఉంది. పారలు, మట్టి, పొడిగింపు అని నేను అల్లిన వాక్యాలున్నాయి. అచ్చుతప్పు అయిదుసార్లు ఒకేలా పడదు. విచారణకు కూర్చున్నవాడికి ఈపాటి లెక్క తెలుసు. సత్యానందం ఆ రెండు లైన్లు పట్టుకుని వెళ్తే, మేనేజ్ చేసుకుని వచ్చాడంటారు.

మళ్లీ ఫోన్ చేసి, అచ్చుతప్పు కాదని వెయ్యాలన్నాను.

‘మీకు వినబడదని మీరే అచ్చు వేసుకుంటారా సార్? రేపట్నుంచి మీ ప్రతి వార్తకీ ఎవడో ఒకడు ఇలాంటి ఉత్తరమే రాస్తాడు.’

రాస్తారు. రాయకుండా ఎలా ఉంటారు?

నవంబర్ 24

పంపింది ఇది:

‘అక్టోబర్ 14న పందిరిలంక గట్టుపై వచ్చిన వార్త తప్పు. గట్టు మేమే కొట్టాం అని సత్యానందం ఫోన్లో చెప్పారు. విలేకరి కట్టాం అని విన్నారు, స్థలానికి వెళ్లకుండా రాశారు. ఈ నెల 22న వెళ్లి చూశారు. గట్టుకు ఇరవై రెండు అడుగుల గండి ఉంది, కొత్త మట్టి లేదు. ఇది అచ్చుతప్పు కాదు. — సూర్యప్రకాశరావు, ఏలూరు విలేకరి.’

నా వార్తల్లో ఇంత చిన్నది, ఇంత గట్టిది ఇంకొకటి లేదు.

నవంబర్ 25

వేశారు. మూడో పేజీ, అడుగున. ఒక్క అక్షరం మార్చలేదు. ఫొటో కూడా వేశారు, గండి బాగా పడింది.

డెస్క్ నుంచి కబురు లేదు. రాజ్యలక్ష్మి కాఫీ ఇచ్చి, పేపరు మూడో పేజీకి మడిచి పెట్టి బడికి వెళ్లింది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. లోపలి నరం బాగుందట. మధ్యలో ఉన్న చిన్న ఎముక బిగుసుకుపోయిందట, ఆపరేషన్ చేస్తే చాలావరకు వస్తుందట. మదార్ గారికి చెప్తే, మీకూ దించి కట్టాల్సిందేనన్న మాట అన్నారు. కట్టాల్సిందే అన్నారా అని మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నాను. జీపు ఇంజన్ ఆయన షెడ్డులో దించి ఉంది.

నవంబర్ 27. సోమవారం

విచారణ పదిన్నరకు. నేను వెళ్లలేదు. వెళ్తే ఆయన తరఫున వచ్చినట్టవుతుంది. సవరణ ఉన్న పేజీ, పదకొండు ఫొటోలు శనివారమే అధికారుల ఆఫీసులో అందజేశాను.

ఒకటి. రెండు. మూడున్నర.

నాలుగూ పదికి ఫోన్ మోగింది. ఎముకకు నొక్కి పట్టాను. బస్టాండులో ఉన్నట్టున్నాడు, వెనక అంతా మోత.

‘కేసు కట్టేశారండీ’ అని వినబడింది.

నోట్‌బుక్కు తెరిచి ఉంది, పెన్ను చేతిలో ఉంది. రాయలేదు. సత్యానందం గారూ, కట్టేశారా, కొట్టేశారా, నాకు సరిగ్గా తెలియాలి అన్నాను.

చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, నిదానంగా:

‘కొ అండీ. కొబ్బరికాయ కొ.’

మళ్లీ చెప్పమన్నాను.

‘కొల్లేరు కొ అండీ. కొట్టేశారు.’

రాసుకున్నాను. రాసుకున్నది చదివి వినిపించాను. అవునన్నాడు.